లోపలి కుట్టు

ఆ యాంప్‌కి కవరు కుట్టింది నేనే. పైన నల్ల రెక్సిను, మధ్యలో దళసరి స్పాంజి, లోపల మా ఆయన పాత పంచెతో లైనింగు. అంచులకు ఎర్ర పైపింగు కూడా వేశాను. పెళ్ళి జాకెట్లకు కూడా నేను అంత శ్రద్ధగా కుట్టలేదు. మా కార్తీక దాన్ని ఎత్తి పట్టుకుని చుట్టూ తిప్పి చూసి, "సూపర్ మా, షాపులో కొన్నట్టే ఉండాది" అంది. లోపల ఎడమ పక్క మూలలో ఒకచోట కుట్టు వేయకుండా టిచ్ బటన్ పెట్టిన సంగతి అది చూడలేదు.

అప్పుడే ఎండలు ముదురుతున్నాయి. మేముండేది పెరంబూరు రైల్వే క్వార్టర్సులో. మా ఆయన జనార్దనం క్యారేజీ వర్క్స్‌లో ఫిట్టరు. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. కార్తీక షోళింగనల్లూరులో ఆఫీసుకు పోతుంది, సెలవు దొరికితే గిటారు వాయిస్తుంది. దాని స్నేహితురాలు సెలీనా పాడుతుంది. మణిమారన్ అనే అబ్బాయి బేస్ గిటారు వాయిస్తాడు. సెలీనా వాళ్ళ తాత ఒకప్పుడు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులు జరిగే రోజుల్లో గిటారు వాయించినవాడట. ఆయన పోయాక మూలన పడి ఉన్న యాంప్‌ను సెలీనా మా దానికిచ్చింది. గిటారు శబ్దాన్ని పెంచే, గాజు వాల్వులతో పనిచేసే పాతకాలపు పెట్టె అది. మా కార్తీక దాన్ని విప్పి, తుడిచి, ఏవేవో మార్చి మళ్ళీ మాట్లాడేలా చేసింది.

విప్పిన రోజు నేను పక్కనే ఉన్నాను. "దీని లోపల నాలుగు వందల వోల్టు ఉంటాది మా. ప్లగ్గు పీకినా కొంచేపు లోపలే కూచోనుంటాది" అని నవ్వుతూ చెప్పింది.

అది నవ్వుతూ చెప్పింది కానీ నాకు ఆ మాట అంతటితో పోలేదు. నా బుర్ర అట్లాంటిది. ఆఫీసు క్యాబు కాస్త ఆలస్యమైతే ఆస్పత్రికి ఏ చీర కట్టుకుని పోవాలో కూడా ఆలోచించేసి ఉంటాను. ఇక ఆ నాలుగు వందల వోల్టు పెట్టెను సెలీనా వాళ్ళ మేడ గదికి మోసుకుపోయి సాయంత్రాలు వాయిస్తారంటే, ఫోన్ చేస్తే ఎత్తదంటే, నేను ఇంట్లో కూర్చుని ఎవరి జాకెట్టుకు ఎవరి చేతులు కుడుతున్నానో నాకే తెలిసేది కాదు.

పక్క క్వార్టరు విజి అప్పుడు ఒక డబ్బా సంగతి చెప్పింది. అగ్గిపెట్టె అంత ఉంటుంది. లోపల సిమ్ వేస్తారు. విజి దాన్ని తన మొగుడి లోడు వ్యాన్లో సీటు కింద పెట్టింది. "ఆ నెంబరుకు చేసినావంటే అది మోగదుక్కా. గమ్మునుండి ఎత్తుకుంటాది. ఆడ మాట్లాడేదంతా నీ చెవిలో పడతాది" అంది. "పాపమే" అన్నాను నేను. "పాపమేంది, నిద్రొస్తాది కదా" అంది.

మరుసటి వారం ఆ డబ్బా నా కవరు మూలలో ఉంది.

వాళ్ళు ముగ్గురూ మాట్లాడుకునేది తమిళంలోనే. ఇక్కడ మన మాటల్లోనే రాస్తున్నాను. జాకెట్టు పక్కన పెట్టి మొదటిసారి చేశాను. అవతల ముందుగా చిటచిటమని ఏదో, ఆ తర్వాత ఒకటే రొద. గుడ్డ పెట్టకుండా ఉత్త మిషను తొక్కినట్టు. ఆ రొద వెనక మణిమారన్ మాట వినిపించింది.

"ఏం సద్దు ఇది?"

"తెలీదు. ఇప్పుడే మొదలైంది" అంది కార్తీక.

నా బిడ్డ బతికే ఉంది. అంతే, నాకు అది చాలు. యాంప్ సద్దు చేస్తే చేయనీ అనుకున్నాను. పాతది కదా, అట్లాగే ఉంటుందేమో. పెట్టేయబోతూ ఉంటే ఇంకో మాట వినబడింది. మణిమారన్ కవరును ఎక్కడో పడేయబోయినట్టున్నాడు.

"డేయ్, కింద వేయొద్దు. మా అమ్మ కుట్టింది. యాంప్ మీదనే పెట్టు."

ఆ మాట వినడానికి రోజంతా ఎన్నిసార్లయినా చేయవచ్చు అనిపించింది. చేశాను కూడా.

తర్వాత నుంచి ఇంట్లో ఆ సద్దు గురించే మాట. సముద్రం రోడ్డులో ఒక రిసార్టు ఉంది. శనివారం సాయంత్రాలు అక్కడ వాయించడానికి మనుషులను చూస్తున్నారు. ఒకసారి వచ్చి వినిపించమన్నారు. కార్తీక అన్నం తింటూ కూడా ఆ శనివారాల గురించే మాట్లాడేది. "ఆఫీసులో వారమంతా నేనెవురో ఎవురికీ తెలీదు మా. ఆ ఒక్క సాయంత్రం ఉంటే చాలు" అనేది. అంతలోనే మొహం వాడిపోయేది. "ఈ సద్దుతో పోతే గేటు కాడనే పొమ్మంటారు."

ఒక ఆదివారం యాంప్‌ను హాల్లో పెట్టి, కవరు తీసి, వెనక చెక్క విప్పింది. నేను మిషను వదిలిపెట్టి వచ్చాను.

"చెప్పులేసుకో" అన్నాను.

"ఇంట్లో చెప్పులేంది మా. గడప దాటితే నువ్వే కదా తిడతావు."

"రబ్బరు చెప్పులు. ఏసుకో. లేకపోతే నేను ఈడనే కూచుంటా."

"ఏసుకున్నా ఈడనే కూచుంటావు. నాకు తెలీదా."

వేసుకుంది, కూర్చున్నాను. ఆన్ చేసి వాల్వులు వేడెక్కేదాకా ఆగింది. అవి ఎర్రగా కుంపట్లో బొగ్గుల్లాగా వెలిగాయి. ఎడమ చెయ్యి వీపు వెనక్కి పెట్టుకుని, కుడి చేత్తో ఐస్ పుల్ల తీసుకుని ఒక్కొక్క వాల్వునూ మెల్లగా తట్టింది.

"ఆ చెయ్యెందుకు వెనక్కి పెట్టుకున్నావు?"

"రెండు చేతులూ లోపల పెడితే షాకు గుండెలో నుంచి పోతాది. ఒక చెయ్యే అయితే అంత భయం లేదు" అంది, నాకు ధైర్యం చెబుతున్నాననుకుని. "చెడిపోయిన వాల్వుంటే తట్టంగానే గంట మాదిరి మోగతాది. చూడు, ఏదీ మోగలేదు."

తర్వాత కేబుల్ మార్చింది. గిటారు మార్చింది. ప్లగ్గు వంటింట్లో పెట్టి చూసింది. నేను సలహా ఇచ్చాను, అన్నీ ఒకేసారి మార్చెయ్యొచ్చు కదా అని. "అట్ట చెయ్యకూడదు మా. ఒకటొకటే మార్చాల. లేకపోతే తప్పు దేనిదో తెలీకుండా పోతాది" అంది. వాళ్ళ నాన్న పేపరు దించి "అది నీ మాదిరి కాదులే కోకిలా, నిదానం" అన్నాడు.

గంట సేపు చూసింది. ఒక్క సద్దు లేదు. నేను దాని పక్కనే కూర్చుని ఉన్నాను కదా. ఎవరికి ఫోన్ చేస్తాను?

"ఈడ రాదు. సెలీనా ఇంట్లోనే వస్తాది" అని తల పట్టుకుంది. "ఆడ ఫ్రిజ్ ఆపినాం, ఫ్యాన్లు ఆపినాం, ట్యూబులైటు తీసేసినాం. మణి ఎర్త్ కూడా చూసినాడు, బాగానే ఉండాది. కొంచేపొస్తాది, పోతాది. దెయ్యం మాదిరి."

నాకు అప్పుడు కూడా తట్టలేదు. ఎట్లా తడుతుంది? నేను చేసిన ప్రతిసారీ ఆ సద్దు ఉండేది. నేను చేయనప్పుడు ఎట్లా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు. నాకు తెలిసిందల్లా ఒకటే, ఆ సద్దు పోయేదాకా నా బిడ్డ కరెంటు ఉండగానే ఆ పెట్టెలో చేతులు పెడుతుంది. అందుకని ఇంకా ఎక్కువ చేశాను. జాకెట్టు చెయ్యి కుట్టి ఒకసారి, మెడ కుట్టి ఒకసారి. అది స్నానానికి పోయినప్పుడు టిచ్ బటన్ తీసి డబ్బాకు ఛార్జి పెట్టేదాన్ని.

రిసార్టుకు పోయే రోజు యాంప్‌ను టాక్సీలో సెలీనాతో పంపించి, కార్తీక మణిమారన్ బండి వెనక ఎక్కింది. మేడ మీద నుంచి చూస్తూనే ఉన్నాను. ఆ అబ్బాయి కోచ్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ఎలక్ట్రీషియను. మంచివాడే. అయినా దాని చెయ్యి వాడి భుజం మీద ఉండడం నాకు నచ్చలేదు. అంత దూరం, ఆ లారీల మధ్య.

పోయి చేరారో లేదో విని పెట్టేద్దామనుకున్నాను. చేశాను. చిటచిట, ఆ తర్వాత రొద. సెలీనా పాట సగంలో ఆగిపోయింది.

"ఏంటిది?" అన్నారెవరో, మేనేజరు కాబోలు.

"సార్, ఒక్క నిముషం సార్" అంది కార్తీక. అది ఆఫీసులో మాట్లాడే గొంతు. దాని కింద ఏడుపు ఉందని నాకు తెలుస్తుంది.

అప్పుడు ఇంకొకాయన మాట్లాడాడు. వయసైన గొంతు. అక్కడ మైకులు చూసుకునే మనిషి అయి ఉండాలి. "ఇది యాంప్ తప్పు కాదమ్మా. ఈ కాలం పిల్లలకు తెలీదు. మునుపు స్పీకరు పక్కన సెల్లు పెడితే కాల్ వచ్చినప్పుడు ఇట్టనే అరిచేది. ఎవురి దగ్గరో పాత రకం ఫోను ఉండాది. అందరివీ తీసి బయట పెట్టండి."

కుర్చీలు జరిగిన చప్పుడు. అడుగుల చప్పుడు. "పెట్టేశాం" అంది సెలీనా.

"ఇంకా ఉండాది. ఇంకా ఎవురో మాట్లాడతా ఉండారు" అన్నాడాయన.

ఫోను నా చెవి దగ్గరే ఉంది. చెవి వేడిగా కాలింది. కాలి కింద పెడలు, మిషను మీద ఎవరిదో పచ్చ జాకెట్టు. నేను నొక్కేశాను. నొక్కేసిన క్షణంలోనే అక్కడ సద్దు పోయి ఉంటుందని నాకు అర్థమైంది. ఇక్కడ మాత్రం ఏమీ వినిపించలేదు.

కార్తీక చీకటి పడ్డాక వచ్చింది. మెట్లెక్కే తీరులోనే తెలిసింది, కోపంగా ఉంది. కానీ నా మీద కాదు.

"ఇంకొక ఛాన్సు ఇచ్చినారు మా. వచ్చే వారం. సద్దు దేనిదో దొరికిపోయింది."

నేను పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను.

"మణి గాడి బటన్ ఫోను. ఫ్యాక్టరీలో కెమెరా ఫోన్లు లోపలికి రానియ్యరని అదొకటి పెట్టుకోనుంటాడు కదా. అందరివీ బయట పెట్టినాక కూడా సద్దు ఉండాది. చివరికి జేబులోంచి అది తీసి బయట పెట్టినాడు. పెట్టినాడో లేదో, టక్కుమని పోయింది."

"ఏమన్నాడు?"

"ఆఫ్ చేసే ఉండాదంటాడు. ఆఫ్ చేసుంటే ఎట్ట వస్తాది? ఇన్ని వారాలు నేను వాల్వులు పీకి పీకి చూస్తా ఉంటే పక్కనే నిలబడుకోని చూసినాడు మా. నేను రావద్దన్నాను ఇంక."

అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరిచాను కూడా. "ఆ పిల్లోడు అట్టాంటోడేనని నాకు ముందే అనిపించింది" అన్నాను.

ఆ మాట నా గొంతులో నుంచే వచ్చింది. ఎవరూ అనమని అడగలేదు.

మరునాడు అది స్నానానికి పోగానే డబ్బాను తీసి నా గుండీల పెట్టె అడుగున పెట్టాను. తర్వాత వారం కార్తీక, సెలీనా ఇద్దరే పోయి వాయించారు. ఒక్క సద్దు లేదట. శనివారాలు వాళ్ళకే ఇచ్చారు. కార్తీక స్వీటు డబ్బా తెచ్చి ముందు నా నోట్లోనే పెట్టింది. "చూసినావా మా, వాడు లేకపోతే సద్దూ లేదు" అంది. 

శనివారాలు జరిగిపోతూ ఉన్నాయి. నేను ఫోన్ చేయడం మానేశాను. కానీ డబ్బాకు ఛార్జి పెట్టడం మాత్రం మానలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియదు. ఏమో, ఏ రోజు ఏ అవసరం వస్తుందో అని.

మే నెల కత్తిరి ఎండలు పోయి ఒక జల్లు కూడా పడింది. ఆ ఆదివారం తలుపు కొట్టిన చప్పుడైతే, బట్ట ఇవ్వడానికి ఎవరో వచ్చారనుకుని తీశాను. మణిమారన్. చేతిలో చుట్టిన కేబుల్. కార్తీక హాల్లోనే ఉంది, వాడి గొంతు వినగానే లోపలి గదిలోకి పోయింది.

"ఇది కార్తీకదమ్మా. నా బ్యాగులో ఉండిపోయింది."

"లోపలికి రా నాయనా."

"వద్దమ్మా, పోతాను." పోలేదు. గడప దగ్గరే నిలబడి కేబుల్ను ఇంకా గట్టిగా చుట్టాడు. "బేస్ ఎవరైనా వాయిస్తారు, నేను వచ్చింది దానికి కాదు. ఆ రోజు ఫోన్ నిజంగానే ఆఫ్ చేశానమ్మా. కార్తీక నమ్మలేదు, సరే. మా అమ్మ కూడా అడిగింది, నిజం చెప్పరా, ఆపినావా అని."

వాళ్ళ అమ్మను నేనెప్పుడూ చూడలేదు. ఆ క్షణంలో మాత్రం ఆమె ఎట్లా అడిగి ఉంటుందో, ఏ గొంతుతో అడిగి ఉంటుందో నాకు బాగా తెలిసింది.

"లోపలికొచ్చి కూచో" అన్నాను. ఈసారి వచ్చాడు.

"కార్తీ, ఇట్ట రా. యాంప్ ఆన్ చెయ్యి."

"ఇప్పుడెందుకు?" లోపల నుంచే అంది.

"చెయ్యమ్మే."

నా గొంతులో ఏం విన్నదో ఏమో, వచ్చింది. మణి వైపు చూడకుండా కవరు తీసి స్విచ్ వేసింది. నేను గుండీల పెట్టె తెచ్చాను. వాల్వులు వేడెక్కేదాకా ఆగాలి.  పెట్టె మూత మూసి వంటింట్లోకి పోయి కాఫీ పెట్టుకొస్తానని అనవచ్చు. అనాలని నోటి దాకా వచ్చింది కూడా. వెనక చెక్క సందుల్లోంచి ఎర్రటి వెలుగు గోడ మీద పడింది.

గుండీల కింద నుంచి డబ్బా తీసి యాంప్ మీద పెట్టాను. నా ఫోను తీసి నెంబరు నొక్కాను.

చిటచిట. తర్వాత రొద, గుడ్డ లేని మిషను రొద, మా హాలు నిండా. ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నాను. అదే రొద ఆ చెవిలోనూ వినిపించింది. దాని వెనక ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. అది నేనే అని తెలుసుకోవడానికి కొంచెం సేపు పట్టింది.

మణిమారన్ ముందు డబ్బాను చూశాడు, తర్వాత నన్ను. తర్వాత తల దించుకున్నాడు, తనదే ఏదో తప్పయినట్టు.

కార్తీక స్విచ్ ఆపింది. సద్దు చచ్చిపోయింది. వాల్వుల ఎరుపు మాత్రం మెల్లగా పోయింది.

"మణి, సారీ డా" అంది.

వాడు తలూపాడు. కేబుల్ను యాంప్ మీద పెట్టి, "శనివారం ఎన్నింటికి?" అని అడిగాడు. అది చెప్పింది. మెట్లు దిగిపోయాడు.

"ఎప్పటి నుంచి?" అంది నన్ను చూడకుండా.

"కవరు కుట్టినప్పటి నుంచి."

"మేం మాట్లాడుకుందంతా విన్నావా?"

"అంతా కాదు. నువ్వు..." బతికి ఉన్నావా అని, అనబోయాను. అనలేకపోయాను. "అంతా కాదు" అన్నాను మళ్ళీ.

తర్వాత చాలా రోజులు అది నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. వాళ్ళ నాన్న ఒక రాత్రి అన్నం తింటూ, "నా డబ్బాలో కూడా ఏమన్నా పెట్టినావా?" అని టిఫిన్ క్యారేజీ చూపించి అడిగాడు. నవ్వించడానికే అడిగాడు. ఎవరం నవ్వలేదు. షోళింగనల్లూరులో ఆఫీసు పిల్లలతో కలిసి గది తీసుకున్నానని కార్తీక ఆయనకే చెప్పింది, నాకు చెప్పలేదు. ఆఫీసుకు దగ్గర, రిసార్టుకూ దగ్గర. 

బయలుదేరే ముందు రోజు మధ్యాహ్నం కవరు తీసుకుని నా మిషను దగ్గరికి వచ్చింది. నా బ్లేడు తీసుకుని నేల మీద కూర్చుంది. లోపలి కుట్టు మొత్తం విప్పింది, మూల మూలా, ఒక్కొక్క పోగూ. లైనింగు వేరు చేసింది. స్పాంజిని రెండు చేతులతో నొక్కి నొక్కి చూసింది, ఇటు వైపు, అటు వైపు. టిచ్ బటన్ను రెండు పక్కలా కోసి తీసి నా గుండీల పెట్టెలో వేసింది. నేను చూస్తూనే ఉన్నాను. కవరును ఇక్కడే వదిలేసి పోతుందనుకున్నాను.

లైనింగును మళ్ళీ పరిచి, అంతా మిషను మీద పెట్టింది.

"కుట్టు" అంది.

"నువ్వు పోయి సర్దుకో. నేను కుట్టి పెడతాలే."

"పరవాలేదు. నేను ఈడనే కూచుంటా."

స్టూలు లాక్కుని సూదికి ఎదురుగా కూర్చుంది. నేను దారం ఎక్కించాను. మొదటిసారి కన్నంలోకి పోలేదు, రెండోసారీ పోలేదు. అది సాయం చేయలేదు, తొందరపెట్టలేదు. ఎక్కింది. పెడలు తొక్కాను. గుడ్డ కింద ఉంటే మిషను చప్పుడు వేరుగా ఉంటుంది, మెత్తగా, నిదానంగా. పై అంచు అయింది. కుడి అంచు అయింది. అడుగు అంచు అయింది. అది సూది మీద నుంచి కళ్ళు తీయలేదు.

బటన్ ఉండిన ఎడమ పక్క మూల దగ్గరికి వచ్చేసరికి కొంచెం ముందుకు వంగింది.